మా సంగీత పత్రికకి అట్ట కుదిరేసరికి

మీడియా ప్రాజెక్టు అనగానే మా బ్యాచ్‌లో సగం మంది కెమెరాలు పట్టుకుని షార్ట్ ఫిల్మ్ తీయడానికి గోదావరి గట్టు మీదికి పోయారు. నా వాటాకి సంగీత పత్రిక డిజైన్ వచ్చింది. ఇంగ్లండులో ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) మీడియా స్టడీస్ పిల్లలకి ఏళ్ళ తరబడి ఇచ్చిన పని ఇది. ముఖచిత్రం, విషయసూచిక, రెండు పేజీల కథనం చెయ్యాలి. ఫోటోలన్నీ సొంతంగా తీసినవే ఉండాలి, నెట్‌లోంచి దించకూడదు. మా సారు దాన్ని తెచ్చి మాకు తగిలించారు. పైగా పత్రిక తెలుగులో ఉండాలి, అచ్చు వేయించి మరీ తేవాలి అని తన వంతుగా రెండు షరతులు కలిపారు. నా తిప్పలన్నీ ఆ రెండింటితోనే.

ముందు పాఠకులెవరో తేల్చమన్నారు. క్లాసులో ప్రశ్నపత్రం పంచితే అందరూ సినిమా పాటలే రాశారు. అందులో వింతేం లేదు, నా ఫోన్‌లో ఉన్నవీ అవే. కానీ సినిమావాళ్ళ ఫోటోలు నేనెక్కడ తీస్తాను? సొంత ఫోటో అనే నియమం పెట్టాక చెయ్యి చాచితే అందేవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. మా రాజోలు వైపు ఏ పెళ్ళికి వెళ్ళినా సన్నాయి మేళం ఉంటుంది. అలా పత్రిక పేరు 'మేళం' అయింది. డెల్టాలో వాయించేవాళ్ళ గురించే పత్రిక అనుకున్నాను.

సంగీత పత్రికల టెంప్లేట్లు నెట్‌లో బోలెడు దొరుకుతాయి. నల్లటి అట్ట, ఎర్రటి పేరు, గిటార్ పట్టుకుని కోపంగా చూసే కుర్రాడు. అందులో ఇంగ్లిషు తీసి తెలుగు పోస్తే పేజీ పేజీ అంతా చెడిపోతుంది. లేఅవుట్ సాఫ్ట్‌వేర్లు వరుసల మధ్య దూరాన్ని అక్షరం సైజుకి 120 శాతంగా పెట్టుకుంటాయి. ఇంగ్లిషుకి అది చాలు. తెలుగులో పై వరుస వత్తులు కిందికి దిగుతాయి, కింది వరుస గుడులు పైకి లేస్తాయి, రెండూ కొట్టుకుంటాయి. నేను 11 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల దూరం ఇచ్చాను. దాంతో ఒక్కో పేజీలో పట్టే మాటలు బాగా తగ్గిపోయి, రాసిన వ్యాసాలన్నీ కోసుకోవలసి వచ్చింది. ఇన్‌డిజైన్ అనే లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పెట్టేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటేనే వత్తులు అక్షరాల కిందికి చేరతాయి. లేకపోతే పొల్లులు పొల్లులుగా విడిపోయి పేజీలో పరుచుకుంటాయి.

తెలుగులో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లేవు కదా. ఇంగ్లిషు పత్రిక అట్ట మీద ముఖ్యమైన వార్తని మొత్తం పెద్దక్షరాల్లో కొట్టేస్తే పని అయిపోతుంది. మనకి ఆ దారి లేదు. లావు, సైజు, రంగు, ఈ మూడింటితోనే ఏది ముందు చదవాలో చెప్పాలి. శీర్షికలకి రామభద్ర ఫాంటు, లోపలి పాఠానికి మండలి తీసుకున్నాను. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర దుక్కలా ఉంటుంది, ఆమడ దూరం నుంచి కనిపిస్తుంది. అయితే చిన్న సైజులో అందులో నాలుగు వాక్యాలు పెడితే చదవడం కష్టం.

పేరు సంగతి ఇంకో కథ. విదేశీ పత్రికల్లో ముఖచిత్రం మీది మనిషి తల పత్రిక పేరుని కొంచెం కప్పుతుంది. చూడ్డానికి దర్జాగా ఉంటుంది. నేనూ అలాగే చెయ్యబోయాను. మనకి గుడులు, ఏత్వాలు ఉండేది అక్షరం నెత్తిమీదే. 'మేళం'లో పైభాగం మీద తలపాగా పడగానే ఏత్వం ఎగిరిపోయి 'మళం' మిగిలింది. మా ఫ్రెండ్ చూసి ముక్కు మూసుకుంది. ఆ తర్వాత పేరు జోలికి ఎవరి తలనీ రానివ్వలేదు. సున్నా స్థానంలో డోలు బొమ్మ పెట్టానుగానీ, సారు వద్దన్నారు. "అక్షరాన్ని అక్షరంలా ఉండనివ్వండి" అన్నారు. అప్పుడు మనసు చివుక్కుమంది కానీ, ఆ డోలు ఉంటే అది పెళ్ళి శుభలేఖలా ఉండేదన్నది నిజమే.

ఫోటో కోసం మా బంధువుల పెళ్ళికి పెందరాళే వెళ్ళి మేళం వాళ్ళని అడిగాను. సన్నాయి వాయించే పెద్దాయన "ఆయ్, తియ్యండమ్మా" అన్నారు గానీ, ఊదుతుండగా మాత్రం వద్దన్నారు. "బుగ్గలు ఉబ్బితే కోతిలా పడతానండి" అని నవ్వారు. సరే, వాయించే ముందు తీస్తానన్నాను. మంచి ఫోటో అక్కడే దొరికింది. ఆయన సన్నాయి పీకని, అంటే ఊదే రెల్లు ముక్కని, నోట్లో పెట్టుకుని తడి చేసుకుంటున్నారు. సన్నాయి మెడ దగ్గర దారాలకి కట్టిన అదనపు పీకలు నాలుగైదు, వాటి మధ్య పీక నోరు సవరించుకునే సన్నటి సూదిలాంటి పుల్ల వేలాడుతున్నాయి. ఇన్ని పెళ్ళిళ్ళు చూశాను, వాటినెప్పుడూ పట్టించుకోలేదు. ముఖచిత్రం అదే కావాలనుకున్నాను. పక్కన డోలు ఆయన వేళ్ళకి గట్టి తొడుగులు వేసుకుంటున్నారు. అది విషయసూచిక పేజీకి వెళ్ళింది.

ఫోటో తీయడం ఒక ఎత్తు, దాన్ని అచ్చుకి సరిపడా తెచ్చుకోవడం ఒక ఎత్తు. ఏ4 పేజీ నిండా అచ్చు వెయ్యాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన ఫోటో 2480 బై 3508 పిక్సెళ్ళు ఉండాలి. డోలు ఫోటో తీసిన కెమెరా మా అన్నయ్యది. వాడు దాన్ని వాట్సాప్‌లో మామూలుగా పంపేస్తే కుదించుకుపోయి వచ్చింది. "డాక్యుమెంట్‌గా పంపించరా బాబూ" అని అడిగి మళ్ళీ తెప్పించుకున్నాను.

విషయసూచికని జాబితాలా కాకుండా డెల్టా పటంలా గీశాను. ధవళేశ్వరం నుంచి గౌతమి, వశిష్ఠ రెండు గీతలుగా విడిపోతాయి, వశిష్ఠలోంచి వైనతేయ చీలుతుంది. ఆ గీతల పక్కన ఊళ్ళు, ఊరి దగ్గర పేజీ నంబరు. బాలమురళీకృష్ణ 1930లో పుట్టిన శంకరగుప్తం సముద్రం వైపు, వైణికుడు ఈమని శంకరశాస్త్రిది ద్రాక్షారామం, వీణ చిట్టిబాబుది కాకినాడ, హరికథ నేర్పే పాఠశాల ఉన్న కపిలేశ్వరపురం గౌతమి ఒడ్డున, పాలకొల్లు వశిష్ఠకి అవతల. పటం గీస్తున్నప్పుడే నాకూ తెలిసొచ్చింది, ఇంత చిన్న ముక్కలో ఇంతమంది ఉన్నారని. సారు మాత్రం "పటం బాగుంది, పేజీ నంబర్లు ఎక్కడ?" అన్నారు. నంబర్లని ఊరి పేర్ల కంటే పెద్దవి చేసి పసుపు రంగు వేశాను.

రెండు పేజీల కథనానికి పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌ని ఎంచుకున్నాను. 1969లో పుట్టారు, 1978లో గుడివాడలో తొలి కచేరీ చేశారు, 2014లో నలభై అయిదేళ్ళకే పోయారు. మరి సొంత ఫోటో నియమం ఉందే, లేని మనిషిని ఎలా తియ్యడం? కొన్నాళ్ళు అక్కడే ఆగిపోయాను. ఆయన చేసిన మార్పునే బొమ్మగా వెయ్యొచ్చని తర్వాత తట్టింది. మామూలు మాండొలిన్‌కి జంటలు జంటలుగా ఎనిమిది తీగలు ఉంటాయి. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. జంట తీగని లాగి గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, కష్టం, ఒంటి తీగ చెప్పినట్టు వింటుంది. అందుకని ఎడమ పేజీ పైన జంట తీగలు చిన్నగా వేసి, అయిదు తీగల్ని రెండు పేజీల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరికి లాగాను. పాఠం ఆ తీగల మధ్య నడుస్తుంది.

అచ్చు సంగతి తెలిసిన సీనియర్ ఒకావిడ అది చూసి ఒక మాట చెప్పింది. మధ్యలో పిన్ను కొట్టే పత్రికలో ఎదురెదురు పేజీలు మామూలుగా వేరువేరు కాగితాల మీద పడతాయి. మడతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా గీతలు కలవవు. ఒకే కాగితం మీద పడేవి నట్టనడిమి రెండు పేజీలే. మా పత్రిక పన్నెండు పేజీలు, అంటే 6, 7. పిన్ను పత్రికకి పేజీలు నాలుగు గుణిజంలోనే ఉండాలి కాబట్టి పెంచడానికీ తగ్గించడానికీ లేదు. ఉన్న కథనాల్ని అటూ ఇటూ జరిపి శ్రీనివాస్‌ని నడిమికి తెచ్చాను. మొదటి అక్షరం పెద్దదిగా వేసేటప్పుడు 'పాలకొల్లు'తో మొదలవడం కలిసొచ్చింది. 'పా'కి కింద వత్తు లేదు, పైన గుడి లేదు. అదే 'స్త్రీ'తో మొదలై ఉంటే మూడు వరుసలు మింగేసేది.

క్లాసులో సినిమా పాటలు అడిగినవాళ్ళని నేను మరిచిపోలేదు. అట్ట మీద "దేవిశ్రీప్రసాద్‌కి మాండొలిన్ నేర్పిన గురువుది ఏ ఊరు?" అని ఒక వరుస వేశాను. పత్రిక చేతిలోకి తీసుకున్న ప్రతివాడూ సూటిగా ఆరో పేజీకే వెళ్ళాడు. అది మోసమని మా ఫ్రెండ్ అంది. మోసమెందుకవుతుంది, జవాబు లోపల ఉంది కదా.

రంగు విషయంలో నాకు వరిచేను పచ్చ మీద మనసుండేది. స్క్రీన్ మీద మెరిసిపోయే ఆ పచ్చని నాలుగు రంగుల అచ్చు ఇంకు పట్టుకోలేదు, నమూనా కాపీలో పాకుడు రంగు దిగింది. పసుపు అలా కాదు, అది నాలుగు ఇంకుల్లో ఒకటి, నేరుగా పడుతుంది. పెద్దాయన తెల్ల పంచె, నల్లటి సన్నాయి, వెనక పసుపు. పచ్చ కంటే ఇదే నయమని ఇప్పటికీ అనుకుంటాను.

ప్రెస్సులో ఇంకో గొడవ. అక్కడ అందరూ అను ఫాంట్లలో కొడతారు, అవి యూనికోడ్ కావు. నా ఫైలు తెరిచి "ఇవన్నీ మళ్ళీ కంపోజ్ చెయ్యాలి" అన్నారు. ఫాంట్లు లోపల పొదిగిన పీడీఎఫ్ ఇచ్చాను, అంచుల కత్తిరింపు కోసం చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనంగా వదిలి. ఇక కంపోజింగ్ మాటే రాలేదు. అట్ట వెనక బార్‌కోడ్ డబ్బా మాత్రం ఖాళీగా ఉంచాను. పత్రికల బార్‌కోడ్ 977తో మొదలవుతుంది, దానికి ముందు ఐఎస్ఎస్ఎన్ అనే పత్రికల గుర్తింపు సంఖ్య కావాలి. లేని నంబరు వేసి అసలు పత్రికలా నటించడం ఎందుకు?

వైవాలో బయటి నుంచి వచ్చిన మేడమ్ ఇది ఎవరు కొంటారని అడిగారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో మేళం వాళ్ళే పదేసి కాపీలు పట్టుకెళ్ళి ఇళ్ళల్లో ఇస్తారు, వెనక అట్ట మీద వాళ్ళ ఫోన్ నంబర్లకి చోటుందని చూపించాను. ఆవిడ వెనక అట్ట తిప్పి చూసి, ఆ చోటుకి ఎంత తీసుకుంటావన్నారు. రేటు చెప్పాను. మార్కులు బాగానే వచ్చాయి. పెద్దాయనకి కాపీలు ఇస్తే, డోలు ఆయన ఫోటో లోపలి పేజీలో ఎందుకు వేశావని ముందు దానికే తగువు పెట్టుకున్నారు. ఈ ఏడు జూనియర్లు రెండో సంచిక చేస్తున్నారు, అట్ట మీద డోలే. వరుసల దూరం మార్చొద్దని చెప్పి ఫైలు ఇచ్చాను.