ఉదయగిరి దుర్గం ఒక్క రోజులో: నా అనుభవం

ఉదయగిరి కోట చూస్తామని పోయి, కింద గుడికి దణ్ణం పెట్టుకుని, చెక్క చెంచాలు కొనుక్కుని తిరిగొచ్చిన వాళ్లు మా నెల్లూరులో చాలామందే ఉన్నారు. పొద్దున తొమ్మిదింటికి టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరితే అంతకన్నా జరగదు. పన్నెండింటికి కొండ అడుక్కి చేరతారు. అప్పటికి బండ మీద చెయ్యి ఆనదు. నేను మూడుసార్లు పోయాను. మొదటిసారి నీళ్లు చాలక సగంలోనే దిగాను. తర్వాతి రెండుసార్లూ పైదాకా పోయి, ఊళ్లో చూడాల్సినవి కూడా చూసుకుని వచ్చాను. తేడా అంతా బయల్దేరిన వేళ, మోసుకెళ్లిన నీళ్లు, వెంట వచ్చిన మనిషి. అంతే.

ముందు ఏ నెలలో పోవాలో చూసుకోవాలి. నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అప్పుడు కొండ పచ్చగా బాగుంటుంది గానీ రాళ్లకు పాచి పడుతుంది. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు కాలు నిలవదు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా సరైన కాలం. పాచి ఎండిపోయి ఉంటుంది, పొద్దున చలి ఉంటుంది, వానకాలంలో మోకాళ్ల దాకా పెరిగిన గడ్డి కాస్త వాలిపోయి దారి కనిపిస్తుంది. మార్చి దాటితే మానుకోవడమే మేలు. ఎండ ఒక కారణం. ఎండిన గడ్డికి నిప్పు అంటుకుంటే కొండ మీద పరిగెత్తే దారి ఉండదన్నది ఇంకో కారణం.

నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాళెం, సంగం, ఆత్మకూరు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. కావలి వైపు వాళ్లు వింజమూరు, దుత్తలూరు మీదుగా వస్తారు. ఉదయగిరిలో ఆర్టీసీ డిపో ఉంది కాబట్టి బస్సులకు కొదవ లేదు. కానీ పొద్దున బస్సెక్కి పోయి అదే రోజు కొండెక్కడం కుదిరే పని కాదు. బస్సులోనే పోవాలంటే ముందురోజు సాయంత్రానికి చేరి ఆ ఊళ్లోనే పడుకోవాలి. సొంత బండి అయితే తెల్లవారుజామున నాలుగింటికి నెల్లూరు దాటాలి. ఆరున్నరకు కొండ అడుగున నిలబడాలి. ఈ రెండున్నర గంటల లెక్కలో మధ్యలో టీ తాగడం ఉంది, టిఫిన్ లేదు.

కొండ ఊరికి పడమటి వైపున ఉంటుంది. పొద్దున ఎక్కేటప్పుడు ఎండ నేరుగా వీపు మీదే పడుతుందన్నమాట. ఎక్కుతున్నకొద్దీ బ్యాగు వెనక చెమట కారి చొక్కా తడిసిపోతుంది. శిఖరం సముద్రమట్టానికి 3,079 అడుగులు. ఊరు కూడా కొంత ఎత్తులోనే ఉంది కాబట్టి మనం ఎక్కేది అంతకన్నా తక్కువ. అయినా అలవాటు లేనివాళ్లకు మూడు గంటలు పడుతుంది.

ఇక వెంట వచ్చే మనిషి. ఇక్కడ బ్యాడ్జీ పెట్టుకుని కౌంటర్లో కూర్చునే గైడు కోసం చూడొద్దు. బస్టాండు దగ్గర టీ కొట్లో ముందురోజో, వారం ముందు ఫోన్లోనో వాకబు చేసి, కొండ మీద మేకలు కాసిన అలవాటున్న మనిషిని మాట్లాడుకోవాలి. కోట చరిత్ర గడగడా చెప్పే కుర్రవాడికన్నా మేకలు కాసినవాడు నాకు ఎక్కువ పనికొచ్చాడు. ఎందుకంటే కొండ మీద ఒక్క దారి లేదు. మనుషుల దారి, మేకల దారి చాలాచోట్ల కలుస్తాయి, విడిపోతాయి. మేకల దారి నునుపుగా, బాగా నడిచినట్టు కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని పోతే ముళ్లపొదలోనో, మేక దూకగలిగి మనిషి దూకలేని బండ అంచు మీదో తేలతాం.

మాట్లాడుకునేటప్పుడు నేను మూడే అడుగుతాను. ఇప్పుడు పైన కోనేట్లో నీళ్లున్నాయా? చివరిసారి పైదాకా ఎప్పుడు పోయావు? తేనెతుట్టెలు ఏ వైపున ఉన్నాయి? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబిస్తే ఈమధ్య కొండెక్కిన మనిషే. డబ్బు మనిషికింత అని కాకుండా జట్టు మొత్తానికి ఇంత అని ముందే తేల్చుకోవాలి. దిగేదాకా వెంటే ఉండాలని, మధ్యలో ఎవరైనా ఆగిపోతే వాళ్లను ఒంటరిగా వదిలి పోకూడదని కూడా. ఐదారుగురికి ఒక మనిషి చాలు. పదిమంది అయితే ఇద్దరుండాలి, ఒకరు ముందు, ఒకరు వెనక. మాతో వచ్చిన పెద్దాయన ఎక్కకముందే ఒక మాట చెప్పాడు: "అన్నా, తొమ్మిది లోపల మొదటి గోడ దాటాల. దాటలేదనుకో, ఆడ్నుంచే ఎనక్కి తిరుగుదాం. తర్వాత నన్ను అనబాకండి." అలా గడువు పెట్టే మనిషి దొరికితే ఇంకొక వంద ఎక్కువిచ్చినా నష్టం లేదు.

ఇది అడవి. అందులోనూ వెలిగొండల ఎర్రచందనం అడవి. కొత్త ముఖాలు, కొత్త బండి తెల్లవారకముందే కొండ అడుగున ఆగితే అటవీ సిబ్బంది ఆపి అడుగుతారు, అడగాలి కూడా. ముందురోజే వాళ్లకు చెప్పి, పోవచ్చో లేదో కనుక్కుని, అందరూ ఆధార్ కార్డు జేబులో పెట్టుకుంటే అరగంట మిగులుతుంది. పొదలు కొట్టుకుంటూ పోదామని కత్తి, గొడ్డలి లాంటివి బండిలో పెట్టుకోవద్దు. ఎంత చెప్పినా నమ్మరు. చేతికర్ర చాలు.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు. ఒక్క పెద్ద సీసా కాదు, లీటరువి మూడు. ఒకటి పగిలినా, జారి లోయలో పడినా రెండు మిగులుతాయి. వెంట వచ్చే మనిషి ఒక్క సీసాతో వస్తాడు. ఆయన వంతు కూడా మనమే మోయాలి, నా మొదటి లెక్క తప్పింది అక్కడే. మూడింటిలో ఒక లీటరు దిగడానికి దాచాలి. ఒక సీసాలో ఉప్పు, నిమ్మకాయ పిండుకోవాలి, లేదంటే ఓఆర్ఎస్ పొట్లం కలుపుకోవాలి. మజ్జిగ వద్దు, వీపు మీద రెండు గంటలు ఉడికితే పులిసి కడుపులో తిప్పుతుంది. తిండికి పులిహోర, నాలుగు అరటిపళ్లు, వేరుశనగ ఉండలు. పైన వంటలూ మంటలూ పెట్టుకోకూడదు.

బట్టల విషయంలో తప్పు చేసేవాళ్లే ఎక్కువ. పొట్టి నిక్కర్లతో వస్తే పిడుదులు కాళ్లకు పట్టుకుంటాయి, ఉత్తరేణి గింజలు సాక్సుల నిండా అంటుకుంటాయి. నిండు ప్యాంటు, నిండు చేతుల చొక్కా, అడుగు మందంగా ఉన్న బూట్లు. హవాయి చెప్పుల్లోంచి పల్లేరు ముల్లు సూటిగా పాదంలోకి దిగుతుంది. సెంటు, అత్తరు పూసుకోవద్దు. రాతి చరియలకు కొండతేనె తుట్టెలు వేలాడుతుంటాయి, ఘాటైన వాసనకూ పొగకూ ఈగలు లేస్తాయి. లేస్తే పరిగెత్తడానికి చోటు లేని కొండ అది. సిగరెట్టు అలవాటున్నవాళ్లు దిగేదాకా ఓర్చుకోవాల్సిందే.

ఎక్కడం మొదలయ్యాక గంట పాటు కోటేదీ కనబడదు. పొదలు, గుండ్రాళ్లు, అక్కడక్కడ రాతిమెట్లు. ప్రతి ఇరవై నిమిషాలకు ఐదు నిమిషాలు ఆగి రెండు గుక్కలు తాగాలి. దాహమేసేదాకా ఆగి అర సీసా ఒక్కసారి తాగితే కడుపు బరువెక్కి నడక సాగదు. తొలి గోడ కనబడ్డాక మాత్రం తొందరపడొద్దు, అసలు చూడాల్సింది అక్కడే మొదలవుతుంది.

పాత జిల్లా రికార్డుల ప్రకారం ఈ దుర్గం ఒక్క కోట కాదు, 13 కోటలు. ఎనిమిది కొండ మీద, ఐదు కింద. కొండ పక్కలు చాలాచోట్ల వెయ్యి అడుగుల దాకా నిట్టనిలువు చరియలు. మిగిలిన ప్రతి దారినీ అడుగు నుంచి శిఖరం దాకా ఏదో ఒక గోడ కాపు కాస్తుంటుంది. నడిచి చూస్తే ఈ లెక్క ఒంటికి తెలుస్తుంది. ఎక్కడా గోడకు ఎదురుగా నిలబడి ఊపిరి తీసుకునే చదును దొరకదు. మనం పైకి చూస్తూ ఎక్కుతుంటాం, గోడ మీదివాడు కిందికి చూస్తూ నిలబడి ఉంటాడు.

శ్రీకృష్ణదేవరాయలు ఒరిస్సా గజపతి రాజుల మీదికి దండెత్తి మొదట ముట్టడించింది దీన్నే. ఏడాదిన్నర పట్టింది. 1514 జూన్‌లో కోట లొంగింది, కోటను కాసిన తిరుమల రౌతరాయ మహాపాత్రుడు పట్టుబడ్డాడు. రాయలు రాళ్లు పగలగొట్టించి తన దళాలకు దారి వేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఇది పుస్తకంలో చదివితే అతిశయోక్తిలా ఉంటుంది. రెండు గుండ్ల సందులో ఒక్కొక్కరే పక్కకు తిరిగి దూరాల్సి వచ్చినప్పుడు అలా అనిపించదు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తీసుకుపోయి, హంపీలో గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. హంపీ కృష్ణాలయం చూసినవాళ్లకు ఉదయగిరి చూస్తే ఆ కథ మొదలు దొరుకుతుంది.

కోటలో ఎవరి కట్టడం ఎవరిదో పోల్చుకోవడానికి గోడ అతుకు చూడాలి. సున్నం లేకుండా రాతి మీద రాయి పేర్చింది ఒక రకం, డంగు సున్నంతో అతికి పైన గార పూసింది ఇంకో రకం. రెండూ ఒకే గోడలో, కింద ఒకటి పైన ఒకటిగా కనిపిస్తే తర్వాత వచ్చినవాళ్లు మరమ్మతు చేసుకున్నారని అర్థం. రాయల తర్వాత 17వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. కొండ మీది మసీదు, ఫారసీ శాసనాలు ఆనాటివి. ఆ తర్వాత ఆర్కాటు నవాబుల కింద జాగీరైంది. 1839లో కుట్ర అభియోగం మీద ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం జాగీర్దారును పట్టుకుని జాగీరు లాక్కుంది. వెంట వచ్చిన మనిషి ప్రతి గోడనూ "రాయలవారిది" అనే చెబుతాడు. 365 గుళ్లుండేవని కూడా చెబుతాడు. వాదించాల్సిన పని లేదు, అతుకులు చూసుకుంటూ పోతే చాలు.

పైన నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది కోనేర్లు. ఏడాదిన్నర ముట్టడికి తట్టుకున్నారంటే తిండి దాచి ఉంటారు, అది ఏ కోటలోనైనా దాస్తారు. నీళ్లు మాత్రం వాన ఇవ్వాల్సిందే. బండ వాలు మీద పడ్డ వాన ఎటు జారుతుందో చూసి సరిగ్గా అక్కడ కట్ట వేశారు. ఒక కోనేటి గట్టున కూర్చుని చుట్టూ వాలు చూస్తే ఆ కొలత తెలుస్తుంది. ఆ నీళ్లు ఇప్పుడు తాగొద్దు. ముఖం కడుక్కోవచ్చు, తువ్వాలు తడుపుకుని మెడకు చుట్టుకోవచ్చు. గట్టు రాళ్లు కదులుతుంటాయి, ఈత సరదాలు వద్దు.

పైన రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, చరియ అంచు. గాలి విసురు ఎప్పుడు వస్తుందో తెలియదు, సెల్ఫీ కోసం వెనక్కి అడుగులు వేయకూడదు. రెండోది చాలామంది ఊహించనిది: గుప్తనిధుల కోసం ఎవరెవరో తవ్వి వదిలేసిన గుంతలు. వాటి మీద గడ్డి పెరిగి నేలలాగే కనిపిస్తుంది. పాడుబడ్డ గదుల్లో, ముఖ్యంగా నడిమధ్యలో, కర్రతో పొడిచి చూసుకుంటూ నడవాలి. ఫోను సిగ్నలు అన్నిచోట్లా ఉండదు కాబట్టి ఏ గంటకు దిగుతామో కింద ఒకరికి చెప్పి ఉంచాలి.

పదకొండున్నరకు తిరుగుముఖం పట్టాలి, ఇంకా చూడాల్సింది ఉన్నా సరే. దిగడానికి రెండు గంటలు. ఊపిరికి సుఖమే గానీ మోకాళ్లకు కష్టం. పొట్టి అడుగులు, కాస్త పక్కకు తిరిగి, కర్ర ముందు ఆనించి తర్వాత కాలు. బూటు లేసులు దిగేముందు బిగించి కట్టకపోతే బొటనవేళ్లు ముందుకు తన్నుకుని గోళ్లు నల్లబడతాయి.

కింద భోజనం చేసి గంటసేపు నడుం వాల్చాక ఊళ్లోవి చూసుకోవచ్చు. రంగనాయకస్వామి గుడి, కృష్ణ మందిరం. మధ్యాహ్నం గుళ్లు మూసి ఉంటాయి కాబట్టి ఈ విశ్రాంతి ఎలాగూ తప్పదు. స్తంభాల మీది చెక్కడాలు సాయంత్రం ఏటవాలు వెలుతురులోనే బాగా తేలతాయి.

చెక్క చెంచాలు చివర్లో కొనాలి, మోసుకు తిరగకుండా. ఉదయగిరి చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు ఉంది. నర్ది, దేవదారి, బిక్కి, కల్ది లాంటి కొండచెట్ల కర్రతో చేస్తారు, చాలావరకు ఇళ్లలో ఆడవాళ్ల చేతిపని. కొనేటప్పుడు కాడ, గుంట కలిసేచోట వెలుతురుకు పెట్టి సన్నని పగులు ఉందేమో చూడాలి. కర్ర చార కాడ పొడుగునా సాగిందే గట్టిది, అడ్డంగా పోతే అక్కడే విరుగుతుంది. ఇంట్లో సబ్బునీళ్లలో నానబెట్టకుండా వెంటనే కడిగి నీడలో ఆరబెట్టాలి, నెలకోసారి కొబ్బరినూనె రుద్దాలి.

అదే రోజు భైరవకోన గుహాలయాలు కూడా కలుపుకుందామని కొందరు లెక్కలు వేస్తారు. కోట పైదాకా ఎక్కితే అది కుదరదు. భైరవకోన కావాలంటే కోట మానుకుని, కింద గుళ్లు మాత్రం చూసి పోవాలి.

ఐదింటికి బయల్దేరితే ఆత్మకూరు దగ్గర చీకటి పడుతుంది. ఫిబ్రవరి చివర్లో కోతలు మొదలై ఉంటే సంగం, బుచ్చి మధ్య రోడ్డు పక్క సగం దాకా వడ్లు ఆరబోసి, రాత్రికి పట్టలు కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. లైటు వెలుతురులో పట్ట కనిపిస్తుంది గానీ రాళ్లు కనిపించవు. ముఖ్యంగా మోటారు సైకిళ్ల మీద వచ్చేవాళ్లు అక్కడ రోడ్డు నడిమికి జరిగి, వేగం తగ్గించి రావాలి.