యతి సారు బోరింగు

మన బడి పాత విద్యార్థుల కలయిక సంచికకు రెండు పేజీలు రాయమని కమిటీ తరఫున, మనం రేడియో అని పిలిచేవాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. "నువ్వు ఫారిన్‌ల పాటలు పాడుతవ్ గదా, గదే రాయి" అన్నాడు. లెక్కల టీచర్ చేతిగడియారం సంగతి మాత్రం రాయొద్దని బత్తాయి వార్నింగ్ ఇచ్చింది. సరే, రాయను. అది పానగల్లు చెరువులో ఎక్కడుందో మాత్రం నాకింకా గుర్తే.

నాకు మన బడి అంటే యతి సారే. తొమ్మిదో తరగతి వార్షికోత్సవానికి నాకు పోతన పద్యం ఇచ్చారు. పొద్దున ప్రేయర్‌కు ముందే నన్ను వరండాలో నిలబెట్టి, తాను గ్రౌండ్ అవతల వేపచెట్టు కింద బోరింగు దగ్గరికి పోయేవారు. పద్యం వినపడినంతసేపు బోరింగు కొడతారు. వినపడకపోతే చెయ్యి ఆపేస్తారు. రెండు బకెట్లు నిండేదాకా నన్ను వదలరు. మొదటిరోజు బకెట్ అడుగు కూడా సరిగ్గా తడవలేదు. ఆ బోరింగు ఊరికే కొట్టించుకునేదా? కిర్రు కిర్రుమని నా పద్యం మీదే అరిచేది. నేను ఇంకా గట్టిగా అరిచేదాన్ని.

"ఒర్లకు బిడ్డా! కడుపుల నుంచి పంపు" అనేవారు అక్కడి నుంచే. ఉత్పలమాలకు పదో అక్షరం దగ్గర యతి కదా, అక్కడ నా భుజాలు లేచి ఊపిరి తీసినట్టు కనిపించిందా, మళ్లీ మొదటికి. మీరంతా చెట్టు వెనక నిలబడి నవ్విన సంగతి మర్చిపోలేదు. నిండిన బకెట్లు మోసింది కూడా మీరేలే. మూడు వారాలకు రెండూ నిండాయి. సారు శభాష్ అనలేదు. ఒక బకెట్ నీళ్లతో కాళ్లు కడుక్కుని స్టాఫ్‌రూమ్‌కు పోయారు.

పదో తరగతి నాకేం గుర్తులేదు. ఇంటర్ అంతకన్నా లేదు. సికింద్రాబాద్‌లో పియానో టీచరమ్మ దొరకడం, ట్రినిటీ సంగీత పరీక్షలు, వీసా తిప్పలు, అదంతా రాస్తే మీకు బోరు. జర్మనీలో మొదటి క్లాసులో మా మేడం నా కింది పక్కటెముకల మీద రెండు అరచేతులు ఆనించి, ఊపిరి తీశాక వీటిని కుంగనీయకు, గాలిని మెల్లగా వదులు అంది. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఏం చెప్పను? జర్మన్‌లో బోరింగును ఏమంటారో అప్పటికి తెలియదు.

ఒపెరా అంటే పాటలతో నడిచే నాటకం, అందులో మైకు ఉండదు. స్టేజీ ముందు గుంటలో ఆర్కెస్ట్రా మోగుతుంటే దాని మీంచి గొంతు చివరి కుర్చీ దాకా పోవాలి. అరిస్తే పోదు. దాదాపు 3000 హెర్ట్జ్ కంపనాల దగ్గర ఆర్కెస్ట్రా మోత పలచబడుతుంది. గొంతుకు అక్కడ గంటలాంటి మోత వస్తే అది సందు చూసుకుని దూరిపోతుంది. ఈ సంగతి పుస్తకంలో చదువుతుంటే నాకు కిర్రు కిర్రుమని వినపడింది.

గ్రూపులో రేడియో పెట్టినవన్నీ నమ్మకండి. నేను హీరోయిన్‌ను కాను. ఓ మాదిరి ఊళ్లో, సర్కారు డబ్బుతో నడిచే నాటకశాలలో కోరస్ సోప్రానోని, అంటే గుంపులో పై స్థాయిలో పాడే ఆడగొంతును. నెల జీతం, పెన్షన్ ఉన్నాయి. రామగిరిలో అమ్మకు ఇల్లు కట్టింది ఈ గొంతుతోనే.

ఒక్కసారి మాత్రం ఒకామెకు జ్వరమొచ్చి, 'మ్యాజిక్ ఫ్లూట్'లో ముగ్గురు చెలికత్తెల్లో మొదటి వేషం నాకిచ్చారు. మోజార్ట్ 1791లో వియన్నాలో ఆడించిన ఒపెరా. అందులో రాత్రి రాణి పాడే ఆ పై ఎఫ్ స్వరం నా వల్ల కాదు, చెలికత్తె చాలు. తెర వెనక తోటివాళ్లు భుజం మీదుగా "టొయ్ టొయ్ టొయ్" అని ఉమ్మినట్టు చేస్తారు, అచ్చం మా నాయనమ్మ దిష్టి తీసినట్టే. దానికి థాంక్స్ చెప్పకూడదట. టెన్షన్‌లో చెప్పేశాను. అందరి మొహాలూ మాడిపోయాయి. ఆ ముగ్గురూ వచ్చీరాగానే పామును చంపి, మూర్ఛపోయిన రాకుమారుడి దగ్గర నేనుంటానంటే నేనుంటానని కొట్లాడుకుంటారు. అచ్చం మన మూడో బెంచీ! బాల్కనీ చివర ఎర్ర లైటు కింద ఎవరో నిలబడి ఉన్నారు. ఆ మనిషి చెయ్యి చూస్తూ పాడాను.

సారుకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవని, కలయిక రోజు మొదటి వరుసలో సోఫా వేస్తున్నామని రేడియో అన్నాడు. సోఫా వద్దు, వేపచెట్టు కింద కుర్చీ వేయండి. బోరింగు పీకేసి మోటరు పెట్టారట కదా. నాకు మైకు పెట్టకండి. మోటరు ఆపనక్కర్లేదు.