పద్నాలుగు దాటిన బిడ్డకు ఇంగ్లండ్‌లో ఏటా జరగాల్సిన హెల్త్ చెక్

లెర్నింగ్ డిజెబిలిటీ (చిన్నప్పటి నుంచీ ఉండే మేధో వైకల్యం) ఉన్న బిడ్డను ఇంగ్లండ్‌లో పెంచుతున్నవాళ్లకు మొదటి పదిహేనేళ్లూ అడిగే మనుషులుంటారు. పీడియాట్రీషియన్, స్పీచ్ థెరపిస్ట్, స్కూల్ నర్స్, ఎవరో ఒకరు పట్టించుకుంటూనే ఉంటారు. పదహారు నుంచి పద్దెనిమిది మధ్యలో వీళ్లు ఒక్కొక్కరే తప్పుకుంటారు. పెద్దల వైపు పీడియాట్రీషియన్‌లా అన్నీ కలిపి చూసే డాక్టరంటూ ఉండరు, అంతా జీపీ (మీ పేరు నమోదైన ఫ్యామిలీ డాక్టర్) చేతికి వస్తుంది. ఆ జీపీ మీ బిడ్డను ఏ జలుబుకో తప్ప చూసి ఉండకపోవచ్చు. అందుకే పద్నాలుగో ఏటి నుంచే పని మొదలుపెట్టాలి.

14 ఏళ్లు నిండినవాళ్లకు ఏడాదికోసారి ఉచితంగా పూర్తి ఆరోగ్య పరీక్ష చేస్తారు. పేరు యాన్యువల్ హెల్త్ చెక్. షరతు ఒక్కటే, జీపీ దగ్గర ఉండే లెర్నింగ్ డిజెబిలిటీ రిజిస్టర్‌లో పేరుండాలి. చాలామంది పొరపడేది ఇక్కడే. స్కూల్లో ఈహెచ్‌సీపీ (బిడ్డ చదువుకూ ఆరోగ్యానికీ కావాల్సిన సాయాన్ని రాసిన ప్లాన్) ఉంది కదా, జీపీకి తెలిసే ఉంటుందిలే అనుకుంటారు. ఆ కాగితం దానంతటది జీపీ రిజిస్టర్‌లోకి వెళ్లదు. రిసెప్షన్‌కు ఫోన్ చేసి, “మా అబ్బాయి లెర్నింగ్ డిజెబిలిటీ రిజిస్టర్‌లో ఉన్నాడా? లేకపోతే చేర్చండి” అని అడగాలి. పద్నాలుగు నిండకముందే అయినా పేరు చేర్పించుకోవచ్చు. డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ మాత్రమే ఉన్నవాళ్లు ఇందులోకి రారు. ఆటిజం ఒక్కటే ఉన్నా రారు, దానితోపాటు లెర్నింగ్ డిజెబిలిటీ ఉంటేనే వస్తారు.

బిడ్డ కాస్త పెద్దయ్యాక ఇండియా నుంచి వచ్చిన కుటుంబమైతే అక్కడి కాగితాలు పారేయొద్దు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ (ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ, మనవాళ్ల నోట్లో ఇంకా ఎన్ఐఎంహెచ్) ఇచ్చిన అసెస్‌మెంట్ రిపోర్టు, సదరం సర్టిఫికెట్ ఉంటే జీపీకి కాపీ ఇవ్వండి. ఇక్కడి వర్గీకరణకు అవి అచ్చంగా సరిపోకపోయినా, చిన్నప్పటి నుంచీ ఉన్న ఇబ్బందే అని తేల్చడానికి పనికొస్తాయి.

రిజిస్టర్‌లో పేరెక్కితే నలుగురికీ తెలుస్తుందనీ, రేపు చెల్లెలి సంబంధాలకు అడ్డమవుతుందనీ వెనకాడేవాళ్లున్నారు. అది వైద్య రికార్డులో ఒక గుర్తు, అంతే. గుళ్లో కలిసే తెలుగువాళ్లకు గానీ ఆఫీసుకు గానీ జీపీ దాన్ని చెప్పరు. పేరు లేకపోతే మాత్రం ఈ ఏటి పరీక్షకు పిలుపే రాదు. ఈ వైకల్యం ఉన్నవాళ్లకు ఏటా ఉచితంగా ఇచ్చే ఫ్లూ టీకాకు కబురూ రాకపోవచ్చు. ముక్కులో కొట్టే ఫ్లూ మందులో పంది జెలటిన్ ఉంటుంది. వద్దనుకునే ఇళ్లవాళ్లు ముందే చెబితే సూది టీకా ఇస్తారు.

అపాయింట్‌మెంట్ పెట్టేటప్పుడే సర్దుబాట్లు అడగాలి. వివక్షను ఆపే చట్టం ఈక్వాలిటీ యాక్ట్ 2010 ప్రకారం అది మీ బిడ్డ హక్కు, రిసెప్షనిస్ట్ చేసే దయ కాదు. ఇక్కడి మాట రీజనబుల్ అడ్జస్ట్‌మెంట్స్, ఆ మాటే వాడండి, పని తొందరగా అవుతుంది. పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్, మామూలుకు రెట్టింపు సమయం, పిలిచేదాకా కారులో కూర్చునే వీలు, ప్రతిసారీ అదే నర్సు, ఇవన్నీ అడగొచ్చు. ఇంట్లో బిడ్డను చూసుకునేది అమ్మమ్మో నానమ్మో అయి ఆవిడకు ఇంగ్లీషు రాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టమనండి, ఎన్‌హెచ్ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) దానికి డబ్బు కట్టక్కర్లేదు. పదేళ్ల తమ్ముడిని మధ్యలో కూర్చోబెట్టి అక్క నెలసరి గురించి తర్జుమా చేయించడం ఎవరికీ మంచిది కాదు.

హెల్త్ చెక్‌లో ఎత్తు, బరువు, బీపీ, మూత్రం, రక్తం, మందుల సమీక్ష, చూపు, వినికిడి, పళ్లు, మలబద్ధకం, ఫిట్స్ ఉంటే వాటి సంగతి, అన్నీ చూడాలి. మనవాళ్ల బరువు విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. దక్షిణాసియా పెద్దలకు బీఎంఐ 23 దాటగానే ముప్పు పెరిగినట్టు లెక్క, 27.5 దాటితే ఎక్కువ ముప్పు. 25 లోపలే ఉన్నాడు కదా అని వదిలేయకూడదు. డౌన్ సిండ్రోమ్ ఉంటే ఏటా థైరాయిడ్ పరీక్ష చేశారో లేదో అడగండి.

అన్నిటికన్నా చిక్కు రక్తపరీక్షతో. మన అలవాటు కొద్దీ “పరగడుపున” అని టిఫిన్ పెట్టకుండా తీసుకెళ్తారు. షుగర్ కోసం ఇక్కడ ఎక్కువగా చేసే హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు. కొలెస్ట్రాల్‌కు కూడా చాలాసార్లు అక్కర్లేదు. ఆకలితో ఉన్న బిడ్డ సూది చూడకముందే సగం విసిగిపోయి ఉంటాడు. అడిగి తెలుసుకుని, వీలైతే తినిపించి, నీళ్లు బాగా తాగించి తీసుకెళ్లండి. నీళ్లు పడితే నరం దొరకడం తేలిక.

తిమ్మిరి క్రీము (ఎమ్లా లాంటిది) జీపీ దగ్గర అడిగి తెచ్చుకోండి. కనీసం గంట ముందు దట్టంగా పెట్టి, పైన ప్లాస్టిక్ అంటింపు వేయాలి. రుద్దేయకూడదు. తరచూ జరిగే తప్పేమిటంటే, ఒక మోచేతి మడతకే రాస్తారు, నర్సుకేమో రెండో చేతిలో నరం దొరుకుతుంది. రెండు మోచేతులకూ, అరచేతి వెనక్కూ పెట్టండి. చాలామంది పిల్లలకు సూది కన్నా ముందు కట్టే పట్టీ అంటేనే భయం. రెండు మూడు వారాల ముందు నుంచీ రోజూ ఒకసారి ఇంట్లో మెత్తని రబ్బరు పట్టీని చేతికి చుట్టి, ఐదు లెక్కపెట్టి తీసేయండి. బీపీ మిషను పట్టీకీ ఇదే పద్ధతి. నలుగురు పట్టుకుని బలవంతంగా తీయించిన ఒక్క శాంపిల్ తర్వాతి పదేళ్ల పరీక్షలను పోగొడుతుంది. అత్యవసరం కాకపోతే ఆ రోజుకు ఆపేసి, మళ్లీ రండి.

తర్వాతది హాస్పిటల్ పాస్‌పోర్ట్. బిడ్డ గురించి ఆసుపత్రి సిబ్బందికి తెలియాల్సినవి రాసి ఇచ్చే నాలుగైదు పేజీల కాగితం. చాలా ఆసుపత్రుల్లో ట్రాఫిక్ లైట్ రంగుల్లో ఉంటుంది. తప్పక తెలియాల్సినవి ఎరుపులో, అవసరమైనవి పసుపులో, ఇష్టాయిష్టాలు ఆకుపచ్చలో. స్కూల్లో నింపించిన కాగితంలో ఇంగ్లీషు బిడ్డ ఉంటాడు, తెలుగు బిడ్డ ఉండడు. నొప్పి పుట్టినప్పుడు మీ బిడ్డ నోట ఏ మాట వస్తుంది? “నొప్పి”, “అబ్బా”, “మంట”, “కడుపు”, “ఉచ్చ”, “నీళ్లు”. వీటిని పలికినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాయండి. మన పిల్లలు “సరే” అనడానికి తల పక్కకు ఊపుతారు. ఆ ఊపు ఇంగ్లీషు నర్సుకు “వద్దు” లాగానే కనిపిస్తుంది. అదీ రాయండి. చేత్తో తింటాడు, చెంచా ఇస్తే ముట్టడు, పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టు అనుకోడు, ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, “తిండి మానేశాడు” అని చార్టులో రాసేది ఇలాంటప్పుడే.

మాటలు లేని బిడ్డయితే నొప్పి గుర్తులు రాయాలి. తల గోడకు కొట్టుకోవడం, చెంప మీద కొట్టుకోవడం, ఒక పక్కే నమలడం, నిద్రపోకపోవడం. “వాడి తీరే అంత” అని డాక్టరంటే ఒప్పుకోకండి. మామూలు రోజుల్లో ఎలా ఉంటాడో ఫోన్లో తీసిన అరనిమిషం వీడియో చూపించి, చెవి, పళ్లు, పొట్ట చూడమని అడగండి. పడని మందుల పేర్లు ఎరుపు భాగంలో మొదటి వరుసలో ఉండాలి. 2016లో బ్రిస్టల్‌లో ఆలివర్ మెక్‌గోవన్ అనే 18 ఏళ్ల కుర్రాడు, తనూ కుటుంబమూ వద్దని చెప్పిన యాంటీసైకోటిక్ మందు (మానసిక వైద్యంలో వాడేది) ఇచ్చాక చనిపోయాడు. ఆరోగ్య సిబ్బందికి ఇచ్చే శిక్షణకు ఇప్పుడు అతని పేరే ఉంది. ఆసుపత్రిలో చేరితే లెర్నింగ్ డిజెబిలిటీ లియాజన్ నర్స్ (ఇలాంటి పేషెంట్లకూ వార్డు సిబ్బందికీ మధ్య సాయపడే నర్సు) ఉన్నారా అని మొదటిరోజే అడగండి.

మలబద్ధకం అంటే మనింట్లో అరటిపండుతో పోయే సంగతి. ఈ పిల్లల్లో అది ప్రాణం మీదికీ వస్తుంది. కదలిక తక్కువ, నీళ్లు తక్కువ, పైగా ఐరన్ మాత్రలు, కొన్ని మానసిక వైద్యం మందులు పేగు కదలికను తగ్గిస్తాయి. ముఖ్యంగా తెలియాల్సింది ఇది: గట్టిపడ్డ మలం లోపల అడ్డుపడితే, దాని పక్క నుంచి నీళ్లలాంటిది కారుతుంది. బట్టలు పాడయ్యేసరికి విరేచనాలనుకుని, మలబద్ధకం మందు ఆపేసి, విరేచనాలు కట్టే మాత్ర వేస్తారు. అడ్డు ఇంకా బిగుసుకుంటుంది. రోజూ క్యాలెండర్ మీద వెళ్లాడా లేదా, ఎలా వెళ్లాడు అని ఒక గుర్తు పెట్టి, ఆ కాగితమే జీపీకి చూపించండి. మాక్రోగోల్ (మలబద్ధకానికి ఇచ్చే పొడి మందు) పొట్లం ఇస్తే పెద్దల మోతాదుకు 125 మి.లీ. నీళ్లలో కలపాలి. తాగడని రెండు చెంచాల నీళ్లలో కలిపితే పనిచేయదు, ఎందుకంటే మలాన్ని మెత్తబరిచేది ఆ నీళ్లే. పొట్ట ఉబ్బి, వాంతులై, ఏమీ బయటికి రాకపోతే అది ఎమర్జెన్సీ.

తింటుంటే దగ్గు, పొలమారడం, పదేపదే ఛాతీ ఇన్‌ఫెక్షన్ ఉంటే మింగడంలో ఇబ్బంది ఉందేమోనని స్పీచ్ థెరపిస్ట్‌కు రెఫర్ చేయమనండి. వాళ్లు ఐడీడీఎస్ఐ లెవెల్ (తిండి ఎంత మెత్తగా, ఎంత చిక్కగా ఉండాలో చెప్పే అంతర్జాతీయ కొలత) చెబుతారు. లెవెల్ 5 అంటే పెద్దలకు 4 మి.మీ. మించని ముక్కలు, ఫోర్కు పళ్ల మధ్య సందంత. తడిగా ఉండాలి, నీళ్లు విడిగా కారకూడదు. మెదిపిన ముద్దపప్పన్నం దీనికి దగ్గరగా వస్తుంది. రసం అన్నం రాదు. మెతుకు గట్టిగా, రసం నీళ్లగా విడిపోతాయి, రెండూ ఒకేసారి గొంతులోకి వెళ్లడమే ప్రమాదం. కరివేపాకు, ములక్కాడ పీచు, పోపులో శనగపప్పు తీసేయాలి. థెరపిస్ట్‌కు ఈ వంటలు తెలియవు, ఒక డబ్బాలో తీసుకెళ్లి చూపించండి.

సెలవులకు హైదరాబాదో విజయవాడో వెళ్లేటప్పుడు ఫిట్స్ మందులు మొత్తం ట్రిప్పుకు సరిపడా, పైన రెండు వారాలకు పట్టుకెళ్లండి. కార్బమజెపీన్, ఫెనిటోయిన్ లాంటివి కంపెనీ మార్చితే ఫిట్స్ తిరగబెట్టొచ్చు, మెడికల్ షాపులో “అదే మందు సార్” అన్నా సరే. బంధువులు ఇప్పించే భస్మాలు, లేహ్యాలు తీసుకుంటే జీపీకి దాచకుండా చెప్పండి. కొన్నింట్లో సీసం ఉంటుంది.

పదహారు నిండాక ఇంకో మార్పు. మెంటల్ కెపాసిటీ యాక్ట్ 2005 (మనిషి తన నిర్ణయం తాను తీసుకోగలడా అన్నది చూసే చట్టం) అప్పటి నుంచి వర్తిస్తుంది. డాక్టర్ ముందు బిడ్డతోనే మాట్లాడతారు, బొమ్మలతోనో సులువైన మాటలతోనో. “మీరు కాసేపు బయట కూర్చోండి” అని కూడా అనొచ్చు, దాన్ని అవమానంగా తీసుకోవద్దు. అమ్మాయికి ఆడ డాక్టర్ కావాలంటే ముందే అడగొచ్చు. బిడ్డకు అర్థమవుతోందా లేదా అన్నది ఒక్కో నిర్ణయానికీ విడిగా చూస్తారు. టీకా సంగతి అర్థం చేసుకున్న బిడ్డకు ఆపరేషన్ సంగతి అర్థం కాకపోవచ్చు. అర్థం చేసుకోలేకపోతే అతనికి ఏది మేలో చూసి నిర్ణయిస్తారు. మీ అభిప్రాయం అడిగి తీరాలి గానీ, పద్దెనిమిది దాటాక మీ సంతకంతోనే అంతా అయిపోదు. గది నుంచి బయటికి వచ్చేముందు హెల్త్ యాక్షన్ ప్లాన్ కాగితం అడిగి తీసుకోండి. ఏ పరీక్ష ఎవరు, ఎప్పటిలోగా చేయించాలో అందులో ఉండాలి. పేరూ తేదీ లేని వరుస కనిపిస్తే అక్కడే రాయించుకోండి.