లంబసింగిలో పదిహేను టెంట్లు, రెండు మరుగుదొడ్లు

ముందే చెప్పేస్తాను, లంబసింగికి నేను మంచు చూడటానికి వెళ్ళలేదు. నా లాప్‌టాప్‌లో నాలుగేళ్ళుగా ఒక ఎక్సెల్ ఫైలుంది. ఇరవై టెంట్లు, రాత్రికి 1,500 రూపాయలు, ఏడాదిలో అరవై శాతం రోజులు నిండినా చాలు, మొత్తం 65,70,000. ఆఫీసులో ఎవరిమీదైనా ఒళ్ళు మండినప్పుడల్లా ఆ ఫైలు తెరిచి అద్దె ఇంకో వంద పెంచుకునేవాణ్ణి. ఉద్యోగానికి దణ్ణం పెట్టేసి, కొండమీద క్యాంప్‌సైట్ పెట్టుకుని, పొద్దున్నే చలిమంట దగ్గర కాఫీ తాగుతూ బతికేయాలని. మా ఆవిడ చాలాకాలం విని, ‘ముందు ఒక్క రాత్రి టెంటులో పడుకుని రండి, తర్వాత మాట్లాడదాం’ అంది.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అనకాపల్లి, అక్కణ్ణించి నర్సీపట్నం, అక్కడ చింతపల్లి బస్సు. డౌనూరు దాటి ఘాట్ మొదలయ్యాక కిటికీ అద్దం మూయమని వెనకసీటామె గొడవ. అద్దం బిగుసుకుపోయి మూతపడదు, ఆవిడ ఊరుకోదు. చివరికి నా తువ్వాలు అడ్డం కట్టాను. ఈ రోడ్డుకో చరిత్ర ఉంది. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ళ చేత, సరిగ్గా కూలివ్వకుండా చేయించిన పని. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడటానికి వెనకున్న కోపాల్లో ఈ రోడ్డు కోపమూ ఒకటి. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం నుంచీ అదే రోడ్డు మీద కార్లు, బైకులు, టెంపోలు.

ఊళ్ళో దిగేసరికి ఎటు చూసినా ‘టెంట్లు కలవు’ ఫ్లెక్సీలే. ఒకరు పన్నెండు వందలన్నారు, ఒకరు వెయ్యి. రోడ్డుకి కాస్త లోపలికి నడిస్తే ఒక కుర్రాడు ఎనిమిది వందలకి ఒప్పుకున్నాడు. చవగ్గా దొరికిందని సంబరపడేలోపు, టెంటుకి రెండు దుప్పట్లే, మూడోది కావాలంటే వంద, చలిమంట కట్టెలకి మూడొందలు, బొంగు చికెన్ ముందే చెప్పాలి అన్నాడు. నేనొక్కణ్ణే కదా, రెండు దుప్పట్లు చాలవా అనుకున్నాను. రాత్రి పదింటికి నేనే వెళ్ళి ఆ వంద ఇచ్చి మూడోది తెచ్చుకున్నాను.

టెంట్లు వేసింది కోసేసిన వరిమడిలో. పైన కాఫీ తోట, సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు, కింద మెట్లుమెట్లుగా మడులు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. పడుకున్నాక తెలిసింది అసలు సంగతి. వేలెడు మందం ఫోమ్ పరుపు, దానికింద వరి దుబ్బులు. కుడివైపు తిరిగితే డొక్కలో, ఎడమవైపు తిరిగితే తుంటిలో. దుబ్బులు చెక్కించలేవా అంటే, ‘చెక్కిస్తే మట్టి పైకొస్తాది సార్, మంచుకి బురదైపోద్ది. దుబ్బులుంటేనే గట్టిగుంటాది’ అన్నాడు. నా ఫైల్లో నేల గురించి ఒకే గడి ఉంది. అందులో ‘నేల: ఉచితం’ అని రాసుకున్నాను.

ఆ దుబ్బుల మీద నిద్రపట్టక చిన్నప్పటి కళ్ళం కాపలా గుర్తొచ్చింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో నూర్పిళ్ళప్పుడు తాతయ్యతో పాటు కళ్ళంలో పడుకునేవాణ్ణి. గడ్డివామిలో గూడులాగా చేసి, కింద మెత్తగా గడ్డి పరిచి, పైన గొంగళి కప్పేవాడు. రాత్రంతా గడ్డివాసన, ఎక్కడో ఎలుక చప్పుడు. వెచ్చగా నిద్రపట్టేది. గడ్డి గాలి పీలుస్తుంది, ఈ నైలాన్ పీల్చదు. ఇది ఒంటిపొర టెంటు, లోపల మనం వదిలిన ఊపిరే పైకప్పుకి చెమ్మై పట్టి, ఎవరైనా తగిలితే చాలు, చినుకులై మొహం మీద పడుతుంది. పక్క టెంటులో ఎవరో ‘వానొస్తోందిరా’ అని లేచి కూచున్నారు.

పదకొండున్నర దాకా స్పీకర్లో పాటలు. కాలేజీ పిల్లల బ్యాచి. కుర్రాడు రెండుసార్లు వచ్చి మెల్లగా చెప్పాడు, మూడోసారి స్పీకరు తీసుకెళ్ళి వాళ్ళమ్మ దగ్గర పెట్టాడు. ఆవిడ పొయ్యి దగ్గర కూచుని దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కడూ వెళ్ళి అడగలేదు. పెద్దదిక్కుండటం అంటే అదీ.

మరుగుదొడ్ల మాట ఎత్తకుండా క్యాంప్‌సైట్ గురించి రాయడం అబద్ధమే. పదిహేను టెంట్లు, నలభై మందికి పైగా జనం, రెండు మరుగుదొడ్లు. రాత్రి రెండు గంటలకి నేను బయటికి వెళితే ఆ కుర్రాడు గెడ్డ నుంచి, అంటే వాగు నుంచి, మోటారుతో డ్రమ్ములు నింపుతున్నాడు. తలకి మఫ్లరు, కాళ్ళకి హవాయి చెప్పులు. ‘తెల్లారితే అందరూ ఒకేసారి లెగుస్తారు సార్. ఐదింటికి నీళ్ళు లేవంటే నా పనైపోద్ది.’ నేనూ పైపు పట్టుకున్నాను. చేతివేళ్ళు కొయ్యబారిపోయాయి. ఫోన్లో తొమ్మిది డిగ్రీలు చూపిస్తోంది.

అక్కడే లెక్కలు అడిగాను. వరి కోసేదాకా టెంటు వేయడానికి మడి ఖాళీ ఉండదు. అంటే నవంబరు చివర మొదలుపెడితే జనవరి ఆఖరుకి జనం పలచబడతారు. వారం మధ్యలో రెండు మూడు టెంట్లు నిండితే గొప్ప. గట్టిగా పది శనివారాలు. పదిహేను టెంట్లు, ఎనిమిది వందలు, పదిసార్లు: లక్షా ఇరవై వేలు. మరుగుదొడ్లకి రింగులు దింపించి, గోడలు కట్టించడానికే డెబ్భై వేలు అయిందట, అప్పు ఇంకా ఉంది. టెంటు రెండు సీజన్లు ఆగితే ఎక్కువ, ముందు జిప్పు పోతుంది, తర్వాత కడ్డీ చీలుతుంది. ‘మరి లాభం?’ అంటే నవ్వి, ‘అమ్మ టీ, గుడ్లు, నూడుల్స్ అమ్మితే వచ్చిందే లాభం’ అన్నాడు.

ఉండబట్టలేక అడిగేశాను, ఈ చుట్టుపక్కల ఎకరం లీజుకి దొరుకుతుందా అని. మోటారు ఆపేశాడు.

‘మీకు తెలవదా సార్, 1/70? మా నేల మాకే. బయటోళ్ళకి అమ్మినా చెల్లదు, లీజుకిచ్చినా చెల్లదు.’

నాకు తెలియకేం. భూమి బదలాయింపు నిబంధనలకి 1970లో చేసిన ఆ సవరణ గురించి చదివాను. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు అంగుళం కూడా కొనకూడదు. అయినా ఏదో దారి ఉండకపోతుందా అని మనసులో ఒక మూల. అతను ఆ మూలనే చూసినట్టున్నాడు. ‘నిరుడు ఇద్దరొచ్చారు. పేరు నాది పెట్టి, డబ్బు వాళ్ళు పెడతారంట. మా నాన్న టీ ఇచ్చి పంపేశాడు. మీరూ ఆ పని మీదే వచ్చారా?’

‘అబ్బే, ఊరికే అడిగాను’ అన్నాను. చీకట్లో నా మొహం కనిపించనందుకు సంతోషించాను.

తిరిగి వస్తుంటే టెంపో ట్రావెలర్ డ్రైవరు కనిపించాడు. సీటులో మోకాళ్ళు ముడుచుకుని, లుంగీ చెవులదాకా లాక్కుని వణుకుతున్నాడు. పన్నెండు మందిని తెచ్చాడు, వాళ్ళు నాలుగు టెంట్లు తీసుకున్నారు, డ్రైవరుకి చోటు అడగాలని ఎవరికీ తోచలేదు. నాకు చాలా కోపం వచ్చింది, తెల్లారగానే వాళ్ళని నాలుగు కడిగేయాలనుకున్నాను. కడగలేదనుకోండి. నా వందరూపాయల దుప్పటి అతనికిచ్చి వచ్చి పడుకున్నాను.

పొద్దున మంచు చిక్కగా పట్టేసింది. ముందున్న టెంటు కూడా కనిపించడం లేదు. అందరూ వచ్చింది దీనికోసమే కదా, అయినా ఒకాయన సూర్యోదయం కనపడలేదని సగం డబ్బు వెనక్కి అడిగాడు! కుర్రాడు వాదించలేదు, టీ గ్లాసు చేతిలో పెట్టాడు. ఎనిమిదికల్లా కార్లు వంజంగి అని, అరకు అని వెళ్ళిపోయాయి. మడినిండా కాగితపు ప్లేట్లు, సీసాలు, ఒక ఒంటి చెప్పు.

తొమ్మిదిన్నర బస్సుకి వెళ్ళిపోదామనుకున్నవాణ్ణి, ఎందుకో ఉండిపోయాను. తడి టెంటు మడిస్తే రెండు రోజుల్లో బూజు పట్టి కంపు కొడుతుందట. అందుకని ఒక్కో టెంటునీ ఎత్తి, అడుగుభాగం పైకి తిప్పి, దులిపి, కాఫీ తోట కంచె మీద ఆరేయాలి. ఎండ పదింటికి గానీ రాలేదు. మేమిద్దరం, వాళ్ళ నాన్న. పదిహేను టెంట్లు తిప్పేసరికి నా నడుం పట్టేసింది. మేకు పీకేటప్పుడు దాంతోపాటు వరిదుబ్బు కూడా ఊడొస్తుంది, దాన్ని కాలితో మళ్ళీ తొక్కి పెడతాడు పెద్దాయన. పీకిన ప్రతి మేకు దగ్గరా అదే పని. జూన్ నుంచీ ఆ మడి మళ్ళీ ఆయనకి కావాలి. వాళ్ళమ్మ రాగి అంబలి ఇచ్చింది, డబ్బులిస్తే తీసుకోలేదు. రాత్రి గుడ్లకి మాత్రం పైసలతో సహా లెక్క కట్టింది.

మధ్యాహ్నం బస్సు. డౌనూరు దాకా నిలబడే వచ్చాను. దిగువకి వచ్చి సిగ్నల్ అందగానే ఫోన్ మోగింది, కుర్రాడే.

‘సార్, ఏమనుకోకండి. దుప్పట్లు లెక్కేస్తే ఒకటి తగ్గింది. మీకిచ్చిన మూడోది, ఎర్ర గళ్ళది. మీ బ్యాగులోకి పొరపాటున గానీ...’

చుర్రుమంది. దొంగలా కనిపించానా వీడికి? చుట్టూ జనం చూస్తుండగా బ్యాగు తెరిచి, బట్టలన్నీ కెలికి, లేదయ్యా అని గట్టిగానే అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. టెంపో ఈపాటికి అరకు చేరి ఉంటుంది, ఎర్ర గళ్ళ దుప్పటి డ్రైవరు సీటులోనే ఉండి ఉంటుంది.

దుప్పటి ఎంత అని అడిగాను. మూడు వందల యాభై అన్నాడు. నర్సీపట్నం బస్టాండులో దిగి ఫోన్‌పే చేశాను.