చేటలో బియ్యం
నిన్న నెల్లూరులో పెద్దమ్మ ఉంటున్న వృద్ధాశ్రమానికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టలేదు. "ఎవరి పిల్లవమ్మా? పెన్నకు నీళ్లొచ్చాయా?" అంది. పెద్దమ్మకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. అందులో సాధారణంగా నిన్నమొన్నటివి ముందు చెరిగిపోతాయి, చిన్ననాటివి చాలాకాలం నిలుస్తాయి. ఇదివరకు "నీకు 80 ఏళ్లు పెద్దమ్మా" అని సరిదిద్దేదాన్ని. పాపం, బెదిరిపోయేది. ఈసారి "వచ్చాయి, నాట్లు వేస్తున్నారు" అన్నాను. ముఖం వెలిగింది.

అక్కడి ఆయమ్మ రోజూ మధ్యాహ్నం ఆమెకు చేటలో కాసిని బియ్యం పోసి ఇస్తుందట. రాళ్లేమీ ఉండవు. అయినా అవి మొలగొలుకులే, ఆ పాత నెల్లూరు రకం బియ్యమే అనుకుని గంటసేపు ఏరుతుంది. ఆ గంటసేపూ గేటు దగ్గర నిలబడి ఇంటికి పోతానని ఏడవదు.

ఇన్నాళ్లూ నేను మందులు, పక్క శుభ్రం ఇవే చూశాను. చేతులకు పని ఉందా అని ఒక్కసారీ అడగలేదు. వచ్చేస్తుంటే నా కొంగులో గుప్పెడు బియ్యం పోసి, "పిల్లలకు వండిపెట్టు" అంది.