కాలి మాట వినే సౌండ్

ఒడిశాలోని మా జయపురంలో కుర్రాళ్ల చేతికి కారు రాగానే మనసు సైలెన్సర్ మీదకు పోతుంది. మా వీధిలో ఒకబ్బాయికి పాత పెట్రోల్ స్విఫ్ట్ ఉంది. వెల్డింగ్ షాపులో మోత తగ్గించే డబ్బాలు, అంటే వెనక మఫ్లర్, మధ్యలో ఉండే రిజొనేటర్ రెండూ కోయించి నేరుగా పైపు వేయించాడు. "బాబాయ్, సౌండ్ ఎలా ఉందో ఒకసారి విను" అని నన్ను సాలూరు దాకా తీసుకెళ్లాడు.

ఊళ్లో తిరిగినంతసేపూ బాగానే ఉంది. కొరాపుట్ దాటి సెమిలిగుడ వైపు సాఫీ రోడ్డు మీద ఐదో గేరులో పడ్డాక మొదలైంది హోరు. ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) ముల్లు 2,500 దగ్గర నిలబడితే చాలు, చెవుల్లో కాదు, ఛాతీలో గుయ్యిమని మోగుతోంది. వెనక సీటు దగ్గర ప్లాస్టిక్ కూడా వణుకుతోంది. కొంచెం స్పీడు పెంచితే పోతుంది, తగ్గిస్తే మళ్లీ వస్తుంది. పొట్టంగి వచ్చేసరికి ఇద్దరం మాటలు మానేశాం.

దీనికి లెక్క ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక చుట్టుకు రెండుసార్లు పేలుడు జరుగుతుంది. 2,500 ఆర్‌పీఎం అంటే సెకనుకు దాదాపు 83 సార్లు. క్యాబిన్‌లోని గాలి, రేకులు సరిగ్గా అలాంటి కింది స్వరాలకే ఊగుతాయి. మఫ్లర్ మొత్తం మోతను తగ్గిస్తే, రిజొనేటర్ ప్రత్యేకంగా కొన్ని స్వరాలను పట్టి నొక్కుతుంది. అదే కోసేస్తే ఇక ఆపేదెవరు? మంచి సౌండ్ అంటే పెద్ద సౌండ్ కాదు. ఏ స్వరాన్ని ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదే అసలు పని.

మఫ్లర్ మార్చి తీరాలంటే రిజొనేటర్ జోలికి పోకండి. ఇప్పటికే హోరు ఉంటే, మెయిన్ పైపుకు పక్కన చివర మూసిన చిన్న పైపు అతికించే పద్ధతి ఉంది. అందులోకి వెళ్లిన శబ్దం వెనక్కి తిరిగొచ్చి ఆ ఒక్క స్వరాన్ని చంపేస్తుంది. వేడి పొగలో శబ్దం వేగంగా పోతుంది కాబట్టి, 83 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు ఆ 83 సార్ల మోతకు, ఆ పైపు మీటరున్నర దాకా ఉండాలి. కారు కింద చోటు చూసుకోవాలి.

నాకు నచ్చేది మాత్రం ముందు వైపు సౌండ్, అంటే గాలి పీల్చుకునే వైపుది. పిస్టన్ గాలిని లాగేటప్పుడు వచ్చే మోతను ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాని గొట్టాలు మింగేస్తాయి. ఆ డబ్బా తీసి పైన మూత లేని కోన్ ఆకారపు ఫిల్టర్ పెడితే, యాక్సిలేటర్ గట్టిగా తొక్కినప్పుడు బొంగురు గొంతుతో గర్జిస్తుంది. కాలు తీయగానే గాలి దారిలోని తలుపు, అంటే థ్రాటిల్ మూసుకుని ఆ మోతకు దారి ఉండదు, టక్కున ఆగిపోతుంది. ఎగ్జాస్ట్ హోరులా రోడ్డంతా వెంటపడదు, మన కాలు చెప్పినట్టు వింటుంది. సుంకి ఘాట్‌లో రెండో గేరులో మలుపు తిరిగి తొక్కినప్పుడు పక్కన కొండకు తగిలి అది తిరిగొస్తుంటే నిజంగా ఒళ్లు పులకరిస్తుంది.

అయితే బానెట్ కింద తెరిచి పెట్టిన ఫిల్టర్ ఇంజన్ వేడినే పీలుస్తుంది. గాలి పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు మూడు శాతం పలచబడుతుంది. లారీల వెనక ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ పెరగకపోగా తగ్గుతుంది. పోనీ చల్లగాలి కోసం గొట్టాన్ని బంపర్ కిందికి దించుదామంటే, మన కొరాపుట్ వానలు తెలిసినవే కదా. రోడ్డు మీద నిలిచిన నీళ్లు లోపలికి పోతే గాలిని నొక్కినట్టు నీటిని నొక్కడం పిస్టన్‌కు కుదరదు, దాన్ని పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే నా కారులో కంపెనీ డబ్బా అలాగే ఉంచి, లోపల పలకలా ఉండే ప్యానెల్ ఫిల్టర్ ఒక్కటే మార్చాను. సౌండ్‌లో తేడా కొంచెమే, నాకు అది చాలు.

పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మాత్రం ఎవరు చెప్పినా తీయించకండి. పచ్చి పెట్రోల్ వాసన, పొగ పరీక్షలో ఫెయిల్, పైగా ఆ విషం పీల్చేది మన వీధి పిల్లలే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) ప్రకారం శబ్దం, పొగ పరిమితులు దాటితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. లైసెన్స్ మూడు నెలలు పోతుంది.

సాలూరులో మా బావమరిది 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ కొన్నాడు. పాత స్విఫ్ట్ సౌండ్ కావాలని పైపు మార్చే ఆలోచనలో ఉన్నాడు. అది మూడు సిలిండర్ల ఇంజన్, చుట్టుకు ఒకటిన్నర పేలుళ్లే. ఏ పైపు వేసినా నాలుగు సిలిండర్ల గొంతు రాదు, ఆ గరగర ఇంకా పెద్దగా వినబడుతుంది అంతే. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోమన్నాను.