తాళాలు ఇంకా రాలేదు

"ఇంకో మూడు వారాలు" అని ఇవాళ కూడా బిల్డర్ మెయిల్. పాలు పొంగించే గిన్నె మాత్రం అట్టపెట్టెలో రెడీ.

ఇంగ్లండ్‌లో షేర్డ్ ఓనర్‌షిప్ (కొంత వాటా కొని, మిగతాదానికి అద్దె కట్టే పద్ధతి) కింద ఇంకా కడుతున్న కొత్త ఇల్లంటే ఇంతే. కాంట్రాక్టులు మార్చుకున్నా, అంటే ఇరువైపులా ఒప్పందానికి కట్టుబడ్డాక కూడా, తాళాలిచ్చే తేదీ ఉండదు. ఇల్లు పూర్తయిందని నోటీసు వచ్చాక మాత్రం, సాధారణంగా 10 పనిదినాల్లో డబ్బు కట్టేయాలి. ఈలోపు మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) ఆఫర్ గడువు, చాలావాటికి ఆరు నెలలే, దాటిందా మళ్లీ పే స్లిప్పులు, బహుశా కొత్త వడ్డీ రేటు. పొడిగింపు నెల ముందే అడగండి. లాంగ్‌స్టాప్ తేదీ (అప్పటికీ ఇల్లు పూర్తికాకపోతే మనం తప్పుకోగల గడువు) ఎప్పుడో సొలిసిటర్‌నే, అంటే మన లాయర్‌నే, అడగాలి.

లెక్క: 3 లక్షల పౌండ్ల ఇంట్లో 40 శాతం కొంటే, మిగతా 1,80,000 మీద ఏడాదికి 2.75 శాతం చొప్పున నెలకు 412.50 అద్దె. సర్వీస్ ఛార్జి (నిర్వహణ ఖర్చు) వేరే.

నోటీసు చేతికొచ్చేదాకా ఇప్పుడున్న అద్దింటికి ఖాళీ చేస్తామని చెప్పకండి. సోఫా ఆర్డరూ వద్దు. ముహూర్తమంటారా, పంతులుగారు సర్దుకుంటారు లెండి.